ఎల్లాజీ నావలో చైర్మన్ గారి బంతి

పని లేని దొర ఇసకలో కర్ర పట్టుకు నిలబడితే దాని పేరు చరిత్ర. పని ఉన్నవాడు అదే ఇసకలో వల ఆరేసుకుంటే దాని పేరు ఆక్రమణ. ఈ తేడా తెలియకుండానే గాలిపాలెం జనం చాలాకాలం హాయిగా బతికేశారు.

గాలిపాలెం జాలర్ల ఊరు. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసక తిన్నెలూ, ముతక గడ్డీ, మొగలి పొదలూ కలిసిన పెద్ద బీడు ఉంది. ముత్తాతల కాలంలో ఓడల లెక్కలు చూడ్డానికి వచ్చిన తెల్లదొరలు, సాయంత్రాలు తోచక, తమ దేశంలో సముద్రపొడ్డున ఆడుకునే గోల్ఫాటని ఆ బీడులో మొదలుపెట్టారు. ఆటంటే పెద్దగా ఏమీ లేదు. చిన్న బంతిని కర్రతో కొట్టడం, దాని వెనకాల నడుచుకుంటూ వెళ్ళి మళ్ళీ కొట్టడం, ఆఖరికి ఓ గుంటలో పడేసి ఒకరి భుజం ఒకరు తట్టుకోవడం. చేత్తో పట్టుకెళ్ళి గుంటలో వేస్తే పోయేదానికి ఇంత ఎండలో ఈ తిప్పలేమిటని ఊళ్ళో ఆడవాళ్ళు అప్పట్లోనే అనుకున్నారట.

బీడు అంచునే ఊరి నావలుండేవి, వలలు ఆరేవి, చేపలు ఎండేవి. దొరలు కొట్టిన బంతులు సగం వాటిలోనే పడేవి. ఊరిని అక్కణ్ణించి లేపేద్దామని ఓ దొర అన్నాడు గానీ, మరి మనకి రాత్రి భోజనంలోకి చందువ చేపలెవరు తెస్తారని ఇంకో దొర అడిగేసరికి ఆ ఆలోచన మానుకున్నారు. దానికి బదులు క్లబ్బు గుమ్మం పక్కన ఓ రాతిపలక పాతించారు. దాని మీద తెలుగులోనూ చెక్కించారు: "జాలరుల నావలు, వలలు, చేపలు, మనుష్యులు, కుక్కలు ఈ మైదానమునకు సహజ అవరోధములు. బంతి వానిలో పడినచో పడిన చోటనుండియే కర్రతో కొట్టవలెను. చేతితో తాకరాదు. ఆటగాడు అవరోధమును కదల్పరాదు."

దొరలు పోయారు. తరవాత ఆడినవాళ్ళు మన పట్నం పెద్దమనుషులు. బంతి నావలో పడితే, "అమ్మా, కాస్త ఆ బంతి ఇలా పడెయ్" అనేవారు. ఆ అమ్మ పడేసేది. దానివల్ల ఏ కొంపలూ మునగలేదు.

ఉన్నట్టుండి ప్రభుత్వానికి వారసత్వం మీద మోజు పుట్టింది. ఎవరికైనా మోజు పుడితే తగ్గే దాకా ఆగొచ్చు. ప్రభుత్వానికి పుడితే దానికో సంస్థ పుడుతుంది. తీర చారిత్రక క్రీడాస్థల పరిరక్షణ ప్రాధికార సంస్థ అని పెట్టారు. ఆ బోర్డు చదవడం మొదలుపెడితే పూర్తయ్యేలోగా ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయేది. దానికి చైర్మన్‌గా కమలాకరరావు గారు వచ్చారు. ఆయన అంతకుముందు శీతల గిడ్డంగులకీ, దానికి ముందు నాటక అకాడమీకీ చైర్మన్‌గా చేసినవారు. గోల్ఫు కర్రని ఏ కొసన పట్టుకోవాలో ఆయనకి తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరం ఉందని ఎవరూ ఆయనకి చెప్పనూ లేదు. ఆయన కింద సుదర్శనం అనే పరిరక్షణాధికారి. కుర్రాడు మంచివాడే. చదువెక్కువై సొంత మాట మాట్లాడ్డం మరిచిపోయాడంతే.

ఆటని స్థాపన నాటి స్థితికి తీసుకెళ్ళాలని సంస్థ తీర్మానించింది. నీళ్ళు చిమ్మే గొట్టాలు పీకేశారు. గడ్డి కోసే యంత్రాన్ని అమ్మేసి, దొరల కాలంలో గడ్డి గొర్రెలే మేసేవి కాబట్టి గొర్రెల నియామకానికి ప్రకటన ఇచ్చారు. ఆటగాళ్ళంతా దొరల్లా ఉన్నికోట్లూ, మెడకి టైలూ వేసుకోవాలన్నారు. రోహిణి ఎండల్లో ఆ కోట్లు తొడుక్కుని ఇద్దరు ఉపసంచాలకులు కళ్ళు తిరిగి పడిపోయారు. దొరలు కూడా ఇలాగే పడిపోయేవారనడానికి ఆధారాలున్నాయనీ, పునరుద్ధరణ సరైన దిశలోనే సాగుతోందనీ ఆ సాయంత్రం సంస్థ ప్రకటించింది.

ఇహ మిగిలింది ఊరు. జీపు దిగి సుదర్శనం తిన్నగా రేవులోకి రాగానే, మన మెడకే చుట్టుకుంటుందని ఊరంతా బితుకుబితుకుమంటూ మూగింది. ముందుకొచ్చి అడిగింది మాత్రం కాసులమ్మే. కాసులమ్మ పట్నం బజార్లో చేపలమ్మే మనిషి. బేరాలాడే లాయర్లనీ, తూకంలో తగాదా పెట్టే డాక్టర్లనీ రోజూ చూసే ఆమెకి జీపంటే భయం లేదు. ఆమె మొగుడు ఎల్లాజీ మాత్రం వెనక నిలబడి నీళ్ళకేసే చూస్తున్నాడు. ఒడ్డున ఉన్నంతసేపూ అతనికి ఊపిరాడదు. నీటి రంగు చూసి ఏ చేప ఎటు పోతోందో చెప్పగల మనిషని ఊళ్ళో అతనికి పేరు.

"మమ్మల్ని లేపేత్తారేటి బాబూ?" అనడిగింది కాసులమ్మ.

"తొలగింపు ప్రతిపాదనను సంస్థ ఉపసంహరించుకున్నది. రాతిపలక నియమానుసారం మీరందరూ సహజ అవరోధాలుగా గుర్తింపు పొందారు" అన్నాడు సుదర్శనం.

అంటే ఏమిటని ఆమె అడిగితే, అంటే మీరు ఆటకి అడ్డం అన్నమాట, అధికారికంగా, అని వివరించాడు.

ఇన్నాళ్ళూ రోడ్డుకి అడ్డం, హోటలుకి అడ్డం, అభివృద్ధికి అడ్డం అని నానా తిట్లూ తిన్నవాళ్ళు. అడ్డంగా ఉండడమే మీ హోదా అని సర్కారే వచ్చి చెబితే సంబరం కాదూ మరి? ఆ రోజు ఊళ్ళో డప్పులు కొట్టారు. కాసులమ్మకి మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. మనిషిని పట్టుకుని అడ్డం అనడమేమిటి, అది మెచ్చుకోలు ఎలా అవుతుంది అని ఆ రాత్రి మొగుణ్ణి అడిగింది. ఎల్లాజీ, ఏదైతేనేం, రేవు మనకుంటే చాలన్నాడు.

రేవు ఉంది. దానికి నిబంధనలు మొదలయ్యాయి. దొరల కాలంలో నీలం ప్లాస్టిక్ పట్టాలు లేవు కాబట్టి అవి తీసెయ్యాలన్నారు. ఫైబరు నావలకి చెక్క రంగు వెయ్యమన్నారు. ఆట జరిగేటప్పుడు అవరోధాలు సెల్‌ఫోను మాట్లాడకూడదన్నారు. చారిత్రక ఛాయాచిత్రంతో పోలిస్తే రేవులో కుక్కలు తక్కువున్నాయని తేలింది. పక్క ఊరి నుంచి లారీలో తెప్పించారు. వచ్చిన కుక్కలు ఉన్న కుక్కలతో కొట్టుకుని, ఎండబెట్టిన చేపలన్నీ తిని, సముద్రపు గాలి పడక వారం తిరక్కుండా తమ ఊరికే నడిచిపోయాయి. తెలివైన జంతువులు.

ఇదంతా ఊరు భరించింది. ఎందుకంటే అది వేట నిషేధ కాలం. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ నావలు కడలి మీదికి వెళ్ళకూడదు. ఆ రెండు నెలలూ జాలరి ఇంట్లో గంజే దిక్కు. నిషేధం తీరిన తరవాత తొలి వారాల్లో మాత్రం సముద్రం రెండు చేతులా పెడుతుంది. అప్పుడు పడ్డ చేపే ఏడాది తిండి. వానాకాలం తుపానులు మొదలైతే మళ్ళీ నావ కదిలే దినాలు తక్కువ. ఈసారి ఎల్లాజీ పాత వలలన్నీ అమ్మేసి కొత్త వల కట్టుకున్నాడు. ఆ వల తొలి వారాల్లో తడవకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇది కాసులమ్మకి తెలుసు, ఎల్లాజీకి తెలుసు, సముద్రానికీ తెలుసు. ప్రాధికార సంస్థకే తెలీదు.

నిషేధం తీరిన తొలి ఉదయమే ప్రారంభోత్సవ పోటీ పెట్టారు. అవరోధాలన్నీ నిండుగా ఉంటాయని ఆ ముహూర్తం నిర్ణయించినట్టు ఆహ్వానపత్రంలోనే వేశారు.

తెల్లారి నావలకి పసుపు రాసి, గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టి, మంచుగడ్డలు ఎక్కించి, ఊరంతా వరసగా తోస్తోంది. ముందు వరస నావలు నీళ్ళెక్కాయి. ఎల్లాజీ వెనక కొసన కూర్చుని, తోసేవాళ్ళు తన నావ దగ్గరికి వచ్చేదాకా సముద్రాన్ని చూస్తున్నాడు. అవతల బీడు మీద కమలాకరరావు గారు ఉన్నికోటులో చెమటలు కక్కుతూ, రెండు చేతులా కర్ర ఎత్తి బంతిని కొట్టారు. బంతి ముందుకి వెళ్ళాల్సింది పక్కకి లేచింది. కడలి గాలి దాన్ని అందుకుని ఇంకాస్త పక్కకి నెట్టింది. అది వచ్చి వచ్చి ఎల్లాజీ నావలో, కొత్త వల మడతల మధ్య పడింది.

అతిథులంతా చప్పట్లు కొట్టారు. అంత చరిత్రాత్మకమైన చెత్త దెబ్బ ఆ బీడు చూసి ఎన్నాళ్ళయిందో.

కాసులమ్మ అలవాటు కొద్దీ బంతి తీసి పడేద్దామని వంగింది. సుదర్శనం బీడు మీంచి పరిగెత్తుకొచ్చి, తాకితే చట్టరీత్యా నేరమని ఆమె చెయ్యి గాల్లోనే ఆపేశాడు. పడిన చోటి నుంచే కొట్టాలి, చైర్మన్ గారే కొట్టాలి, కర్రతోనే కొట్టాలి. కమలాకరరావు గారు నలుగురి సాయంతో నావెక్కారు. కర్ర ఊపడానికి చోటు లేదు. కాలు వేసేచోట మంచుగడ్డలున్నాయి. ఓసారి జారి ఎల్లాజీ ఒళ్ళో కూర్చున్నారు. లేచి నిలబడి మళ్ళీ గురి చూసుకుంటుండగా రాజధాని నుంచి ఫోనొచ్చింది, సమీక్షా సమావేశానికి వెంటనే రమ్మని. మనిషి ముఖంలో అంత సంతోషం కనిపించడం ఆ రోజు అదే మొదలు. "ఆట నిలిచింది, ముగియలేదు. నేను తిరిగి వచ్చేవరకూ యథాతథ స్థితి" అని ప్రకటించి కారెక్కేశారు.

యథాతథ స్థితి అంటే ఏమిటో కాసులమ్మకి మధ్యాహ్నానికి అర్థమైంది. మిగతా నావలన్నీ కడలి మీదున్నాయి. ఎల్లాజీ నావ మాత్రం ఇసక మీద, చుట్టూ తాడు, తాడు మీద ఎర్ర జెండాలు, పక్కన తుపాకీ పట్టుకుని ఓ పోలీసు. నావ కదిలితే బంతి కదులుతుంది, బంతి కదిలితే చరిత్ర కదులుతుంది. సాయంత్రానికి ఊరి నావలు కవ్వళ్ళ చేపలతో అంచుల దాకా నిండి వచ్చాయి. ఎల్లాజీ వాటిని చీకటిపడేదాకా చూసి ఇంటికొచ్చాడు. అతను అన్నం ముట్టకపోవడం చూసి కాసులమ్మకి ఏడుపొచ్చింది.

చైర్మన్ గారు రేపొస్తారన్నారు. రేపు వచ్చింది, ఆయన రాలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అన్నారా.

కాసులమ్మ ఊరుకునే రకం కాదు. గాలి వచ్చి బంతిని దొర్లిస్తే తప్పా అని సుదర్శనాన్ని అడిగింది. గాలి, వాన, పక్షి ఇవన్నీ ప్రకృతి చర్యలు, వాటి మీద సంస్థకి అభ్యంతరం లేదన్నాడు. అయితే కాకి ఎత్తుకుపోయినా పరవాలేదన్నమాట అనుకుని, పోలీసు కునుకు తీస్తున్నప్పుడు బంతి పక్కన ఎండుచేప ముక్క విసిరింది. కాకి వచ్చింది. చేప ఎత్తుకుపోయింది, బంతి వైపు చూడనైనా లేదు. కాకికి ఉన్నపాటి బుద్ధి ఆ సంస్థలో ఒక్కడికి ఉన్నా ఈ కథే లేదు. మర్నాడు సంస్థ పంపిన పరిశీలకులు వచ్చి, ప్రకృతి చర్యలు అదుపు తప్పుతున్నాయని గమనించి, నావ మీద పందిరి వేయించారు. ఇప్పుడు గాలి కూడా రాదు.

ఆ పరిశీలకులే ఇంకో సంగతి కూడా కనిపెట్టారు. బంతి పడిన క్షణంలో ఎల్లాజీ నావ వెనక కొసన కూర్చుని ఉన్నాడు. అతని నీడ బంతి మీద ఉంది. కాబట్టి ఎల్లాజీ కూడా యథాతథ స్థితిలో భాగం. ఆఫీసు వేళల్లో అతను అదే చోట అదే మొహంతో కూర్చోవాలని ఉత్తర్వు వచ్చింది. మెళ్ళో వేసుకోవడానికి ఓ కార్డు ఇచ్చారు. దాని మీద అతని ఫొటో, కింద హోదా: జీవ అవరోధం.

జీతం కూడా ఉందన్నారు. మంజూరైంది గానీ విడుదల కాలేదన్నారు. ఆ రెంటి మధ్యా ఎంత దూరం ఉంటుందో సర్కారు ఉద్యోగం చేసినవాళ్ళని అడగండి.

కాసులమ్మ మంచి చీర కట్టుకుని పట్నంలో సంస్థ ఆఫీసుకి వెళ్ళింది. బంతి తీయించండి, లేదా ఇంకో బంతి కొనుక్కోండి, మా వేట దినాలు దాటిపోతున్నాయని చెప్పుకుంది. గుమాస్తాలు ఆమెని ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి తోసి తోసి, చివరికి సుదర్శనం ముందే నిలబెట్టారు. అతనికీ పాపం జాలేసింది. మంచినీళ్ళు ఇప్పించాడు. తరవాత అద్దాలు సర్దుకుని, తనలోని అధికారిని బయటికి తీశాడు.

"చూడమ్మా, నియమావళి ఆటగాళ్ళ కోసం రాసినది. ఆటగాడికి అప్పీలు హక్కు ఉంది. అవరోధానికి లేదు. అవరోధం దరఖాస్తు పెట్టుకున్న పూర్వోదాహరణ లేదు. అసలు నియమావళి దృష్ట్యా అవరోధాలకు వాక్కు లేదు."

"మరి నానిప్పుడు మాట్లాడతన్నది ఏటి బాబూ?"

"అది శబ్దం. దాన్ని నేను నమోదు చేయలేను" అన్నాడు సుదర్శనం, నిజంగానే బాధపడుతూ.

ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని దారంతా ఏడ్చింది. చేపల బజార్లో ఎంతమంది ఎన్ని తిట్టినా ఆమెకి ఇంత అవమానం అనిపించలేదు. తిట్టేవాడు కనీసం ఎదుట మనిషుందని తిడతాడు.

వారాలు నెలలయ్యాయి. ఊళ్ళోవాళ్ళు తమకి పడ్డదాంట్లోంచి తలా కొంచెం ఇస్తూ వచ్చారు. పుచ్చుకోవడం అలవాటు లేని చేతులు కదా, ఎప్పటికి తీరుస్తానో అనుకుంటూ కాసులమ్మ ఎవరెంత ఇచ్చారో గోడ మీద గీసుకునేది. కానీ అంతకంటే పెద్ద భయం ఆమెకి ఇంకోటి పట్టుకుంది. మొదటి రోజుల్లో ఎల్లాజీ నావలో కూర్చుని పళ్ళు నూరేవాడు, నీళ్ళు చూసి గిలగిల్లాడేవాడు. అదిగో నీటి మీద ఎరుపు, అది కవ్వళ్ళ గుంపు, పోతోంది పోతోంది అని గొంతు పోయేలా కేకలేసేవాడు. మెల్లగా ఆ కేకలు తగ్గాయి. నావ చూడ్డానికి పట్నం నుంచి జనం రావడం మొదలైంది. అందరూ అతని పక్కన నిలబడి ఫొటోలు తీసుకునేవారు. ఓ పెద్దాయన శాలువా కప్పాడు. కార్డు మురికి పడుతోందని ఎల్లాజీ దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించుకున్నాడు. పొద్దున్నే తల దువ్వుకుని, వేళకి వెళ్ళి, వేళకి రావడం నేర్చాడు. ఓ రాత్రి కాసులమ్మ నీళ్ళు ఎలా ఉన్నాయి మావా అనడిగితే, చూళ్ళేదే అన్నాడు.

పెళ్ళైన నాటి నుంచి ఆ మనిషి నీళ్ళు చూడని రోజు లేదు. ఆకలికి ఆమె భయపడలేదు. ఈ మనిషి ఇసక మీదే ఇలా అయిపోతాడేమోనని భయపడింది.

ఇంతలో కమలాకరరావు గారిని బదిలీ చేశారు. పశుసంవర్ధక శాఖకి పంపారట. గొర్రెల నియామకంలో చూపిన అనుభవం గుర్తించి ఉంటారు. పీడ విరగడైందని కాసులమ్మ ఎగిరి గంతేసింది. ఆడేవాడే లేకపోతే బంతెవడిది? కానీ ఆ బంతి కమలాకరరావు గారిది కాదనీ, చైర్మన్ పదవిదనీ, కొత్తగా ఎవరు వస్తే వారు అక్కణ్ణించే ఆట కొనసాగిస్తారనీ సంస్థ సెలవిచ్చింది. కొత్త చైర్మన్ నియామకం పరిశీలనలో ఉంది. ఎవరి పరిశీలనలో ఉందన్నది కూడా పరిశీలనలోనే ఉంది.

మర్నాడు పొద్దున ఊరి మగాళ్ళంతా కడలి మీదికి పోయాక, కాసులమ్మ నావ దగ్గరికి వెళ్ళింది. పోలీసు టీకి వెళ్ళాడు. ఎల్లాజీ తన చోట తన మొహంతో కూర్చుని ఉన్నాడు. ఈశాన్యం నుంచి చల్లగాలి మొదలైంది. ఇంకొన్ని దినాలైతే తుపాన్లు. ఆమె నావ అంచు పట్టుకుని, లేవమంది. ఇంజను ఎక్కించుకుని ఇప్పుడే పోదామంది. ఏమౌతుందో తను చూసుకుంటానంది.

ఎల్లాజీ కార్డు సర్దుకున్నాడు. "రిలీవింగ్ ఆర్డరు రావాలి కదే" అన్నాడు.

కాసులమ్మ అతని ముఖంలోకి చూసింది. అందులో వేళాకోళం లేదు. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. ఇంక ఆ మనిషితో మాట్లాడలేదు. వెనక్కి తిరిగి, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. ఆడవాళ్ళు నావ నీళ్ళలోకి తోయడం ఆ ఊళ్ళో ఆనవాయితీ కాదు. ఆ రోజు ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఓ ముసల్ది ఎర్ర జెండాల తాడు తెంపి నడుముకి చుట్టుకుంది. ఇద్దరు పందిరి గుంజలు పీకేశారు. ఇంకో ఇద్దరు కాసులమ్మ ఇంట్లోంచి ఇంజను మోసుకొచ్చి వెనక బిగించారు. మిగిలినవాళ్ళు నావకి భుజాలు ఆనించి, కొంగులు బిగించి, ఎల్లాజీని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉంచి తోయడం మొదలుపెట్టారు.

క్లబ్బు అరుగు మీంచి సుదర్శనం ఇది చూశాడు. పరుగున వచ్చి, అవరోధాన్ని కదపరాదు, ఇది నేరం, ఆపండి అని అరిచాడు. ఎవరూ ఆగలేదు. వాళ్ళ మీద నేరం రాయడానికి కాగితం తీశాడు. ఎవరు కదిపారని రాయాలి? ఆటగాడు కదపరాదు అని ఉంది రాతిపలక మీద. వీళ్ళు ఆటగాళ్ళు కారు. వీళ్ళందరికీ అవరోధాలుగా గుర్తింపునిచ్చింది తనే. ఓ అవరోధం ఇంకో అవరోధాన్ని కదపరాదని ఆ రాతి మీదా లేదు, సంస్థ ఉత్తర్వుల్లోనూ లేదు. చట్టానికి వీళ్ళు మనుషులైతేనే దొరుకుతారు. మనుషులు కారని తనే వాదించాడు. రాజధానికి ఫోను చేస్తే, చైర్మన్ స్థానం ఖాళీగా ఉన్నందున నిర్ణయం తీసుకునే అధికారం ఎవరికీ లేదన్నారు.

నావ ముక్కు నీళ్ళని తాకింది. ఎల్లాజీ ఇంకా వద్దే, ఉద్యోగం పోతుందే అంటూనే ఉన్నాడు. ఇంతలో కెరటం లేచి నావని ఎత్తి, ఫెళ్ళున అతని మొహం మీద విరిగింది. ఉప్పునీళ్ళు కళ్ళలోకీ నోట్లోకీ పోయి మనిషి ఉక్కిరిబిక్కిరయ్యాడు. మొహం తుడుచుకున్నాడు. వెనకాల రెండో కెరటం వస్తోంది. అడ్డం తిరిగితే నావ బోల్తా కొడుతుంది. అది కార్డున్న మనిషికి తెలీదు గానీ కడలి మనిషికి తెలుసు. ఎల్లాజీ లేచి నిలబడ్డాడు. తెడ్డు వేసి ముక్కుని కెరటానికి ఎదురు తిప్పాడు. ఇంజను తాడు లాగాడు. నావ కెరటం ఎక్కి అవతలికి దిగింది.

ఒడ్డున నడుం లోతు నీళ్ళలో నిలబడి కాసులమ్మ చూస్తోంది. కెరటాలు దాటి కొంచెం దూరం పోయాక నావ ఆగింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళని అటూ ఇటూ చూడడం ఆమెకి కనిపించింది. తరవాత వల విప్పడం మొదలుపెట్టాడు. మడతల్లోంచి తెల్లగా ఏదో జారి నీళ్ళలో పడింది. అతను దానికేసి చూసినట్టు కూడా లేదు. కాసులమ్మ అప్పుడు భోరున ఏడ్చింది, సంతోషంతోనే.

ఆమె ఒడ్డుకి వచ్చేసరికి సుదర్శనం అక్కడే ఉన్నాడు. బూట్లలోకి నీళ్ళు పోయినా చూసుకోలేదు. చేతిలో తెల్లకాగితం, కలం. బంతి పోయింది, నావ పోయింది, జీవ అవరోధం విధుల్లో లేదు. పైకి నివేదిక పంపాలి, ఏమని రాయాలో తెలియడం లేదమ్మా అని, ఆ కుర్రాడు మొదటిసారి సొంత మాట మాట్లాడాడు.

కాసులమ్మ కొంగు పిండుకుంది.

"రాసుకో బాబూ," అంది. "అడ్డం ఏటకెల్లిందని రాసుకో."